రాజుకు ఒక్క దూకు

ఫోనులో చదరంగం ఆడటం నాకు పింఛను వచ్చే వయసులో పట్టుకున్న అలవాటు. పొద్దున కాఫీ తాగి, కుండీలకు నీళ్లు పోసి, వరండాలో కుర్చీ లాక్కుని కూర్చుంటాను. ఎదుటివాడు ఏ దేశంవాడో తెలియదు, మగో ఆడో కూడా తెలియదు. ఆట ముగిశాక ఫోను అసలు పని మొదలుపెడుతుంది. దాని లోపల ఇంజను అని ఒకటుంది. అది మనం ఆడిన ఆటను మొదటి నుంచి మళ్లీ చూసి ఒక్కో ఎత్తుకూ గుర్తు పెడుతుంది. మంచి ఎత్తుకు పచ్చ, పొరపాటుకు పసుపు, బుద్ధిలేని పనికి ఎరుపు. పలక పక్కన నిలువుగా ఒక పట్టీ ఉంటుంది. మనది పైచేయి అయితే మన రంగు పెరుగుతుంది, లేకపోతే తరుగుతుంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లల లెక్కల పేపర్లు ఎర్రసిరాతో దిద్దినదాన్ని నేను. నా పేపరు ఇంకొకరు దిద్దుతుంటే మొదట్లో ఒళ్లు మండేది. దాంతో వాదించి లాభం లేదని తెలిశాక ఊరుకున్నాను.

నాయన పోయిన తర్వాత కళ్యాణదుర్గంలో మా బట్టల అంగడి ఖాళీ చేయాల్సి వచ్చింది. తమ్ముడు బీరువాలు, బల్లలు చూసుకుంటుంటే నేను అరల్లో మిగిలిన తానులు దింపుతున్నాను. అట్టడుగు అరలో, మల్లుగుడ్డలో చుట్టి, మా చదరంగం గుడ్డ ఉంది. ఎరుపు, తెలుపు పీలికలు గళ్లుగళ్లుగా కలిపి కుట్టిన గుడ్డ అది. దాని మడతలో లక్కరంగు వేసిన కాయలు. ఒక ఏనుగు ఎప్పుడో పోయింది, దాని బదులు దారపు రీలు ఉండేది. ఆ రీలు కూడా భద్రంగా ఉంది. గుడ్డను ముఖానికి దగ్గరగా పెట్టుకుంటే గంజివాసన, అగరుబత్తి వాసన, కొంచెం శెనక్కాయల నూనె వాసన. తమ్ముడు "అక్కా, అది పాతది, పారేద్దాం" అన్నాడు. వాడి మీద ఎందుకంత గట్టిగా అరిచానో వాడికి ఇప్పటికీ తెలియదు.

మాది అంగడి ముందు, ఇల్లు వెనుక. అంగడి తెరవడం నాయనకు ఒక పూజ. గడప మీద నీళ్లు చల్లి, అగరుబత్తి వెలిగించి, బట్ట కొలిచే కర్రను రెండు కళ్లకూ అద్దుకుని, అప్పుడు గద్దె మీద కూర్చునేవాడు. కూర్చున్నాక చేయడానికి ఏమీ ఉండేది కాదు. ఆషాఢం గాలి ఎర్రమన్నును మోసుకొచ్చి తెల్ల తానుల మీద పోసేది, అమ్మ తడిగుడ్డతో తుడిచేది, మళ్లీ గాలి పోసేది. విత్తనం వేసినవాళ్లు మబ్బు వైపు చూసేవాళ్లు, వేయనివాళ్లు కూడా మబ్బు వైపే చూసేవాళ్లు. పంట చేతికి రాని ఏడాది కొత్తబట్ట కొనేవాడు ఉండడు. అలాంటి ఏడాదుల్లో మా అంగట్లో ఆగకుండా అమ్ముడుపోయింది తెల్లగుడ్డ ఒక్కటే. అది ఎందుకు కొంటారో చిన్నపిల్లనైనా నాకు తెలుసు. తెల్లగుడ్డకు నాయన బేరం ఆడేవాడు కాదు. చించి ఇచ్చి, వచ్చినవాడి ముఖం చూడకుండా మంచినీళ్లు తాగుతావా అని అడిగేవాడు.

మధ్యాహ్నం సంగటి, ఊరుబిండి తిని, అవ్వ నశ్యం పీల్చి గోడవారగా ఒరిగేసరికి దస్తగిరి మామ వచ్చేవాడు. ఆయన మా వీధి చివర పరుపులు, బొంతలు కుట్టేవాడు. తిండికే కరువైన ఏడాది పరుపు కుట్టించుకునేవాడూ ఉండడు గదా. ఆ చదరంగం గుడ్డ ఆయన చేతిపనే. మా అంగట్లో మిగిలిన పీలికలతో కుట్టాడు. ఇద్దరూ పని లేనివాళ్లు, ఇద్దరూ ఊరికే కూర్చున్నామని ఇంట్లో చూపించుకోవడం ఇష్టం లేనివాళ్లు. ఆ గుడ్డ పరుచుకుంటే ఏదో పనిలో ఉన్నట్టు ఉండేది. "మూకుడు పొయ్యి మీదికి ఎక్కకపోయినా ఆ రాజులకు మాత్రం యుద్ధాలు తప్పవు" అని అవ్వ లోపల్నుంచి గొణిగేది. అయినా శెనక్కాయలు వేయించి రెండు దోసిళ్లు బయటికి పంపేది.

మా ఊరి ఆటకు మా ఊరి చట్టాలుండేవి. బంటు ఎప్పుడూ ఒక్క గడే నడవాలి. రాజు కూడా ఒక్క గడే కదులుతాడు. అయితే, శత్రువు ఇంకా షా చెప్పకముందు, అంటే మన రాజు మీదికి దాడి రాకముందు, ఆట మొత్తానికి ఒకే ఒక్కసారి, రాజు గుర్రంలాగా దూకవచ్చు. దాన్ని దూకు అనేవాళ్లు. దస్తగిరి మామకు ఓపిక తక్కువ, ఆట మొదట్లోనే దూకేసేవాడు. నాయన దాచుకుని దాచుకుని వాడేవాడు. ఎండాకాలం బిందెలో మిగిలిన నీళ్లను అమ్మ వాడినట్టు. వాళ్ల పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను. నాయన చెప్పి నేర్పేవాడు కాదు. నేను తప్పుగా ఆడితే నా కాయను తీసి మళ్లీ పాత గడిలో పెట్టి, ఇంకోసారి చూడు అన్నట్టు కళ్లెత్తేవాడు. కొన్నాళ్లకు దస్తగిరి మామను ఓడించాను. ఆయన తలపాగా తీసి నేలమీద పెట్టి "శెట్టీ, నీ కూతురు నా పరువు తీసింది కదప్పా" అంటుంటే, నాయన నవ్వు ఆపుకోలేక తానుల వైపు తిరిగిపోయాడు. నాయన నవ్వగా చూసిన సందర్భాలు నాకు కొద్ది. అందుకే అది బాగా గుర్తు.

అనంతపురంలో బడిపిల్లలకు చదరంగం పోటీలని మా అయ్యవారు చెబితే నాయన నన్ను తీసుకుపోయాడు. గెలిచినవాళ్లను రాష్ట్ర పోటీలకు పంపుతారట. నాయన ఇస్త్రీ చేసిన పంచ కట్టుకున్నాడు. నాకు అంగట్లోని పూలపూల గుడ్డతో అమ్మ కొత్త లంగా కుట్టించింది. ఆ హాలు, ఆ బల్లల వరుసలు, నలుపు తెలుపు పలకలు చూసి నాయన పంచ అంచు పట్టుకున్నాను. అక్కడ బంట్లు మొదటి అడుగులో రెండేసి గడులు నడుస్తున్నాయి. నాయన చెవిలో చెప్పాను.

"వాళ్లు రెండు ఏస్తే ఏయనీ. నువ్వు ఒకటే ఎయ్. నిదానంగా పోయేటోడు యాడికీ తప్పిపోడు" అన్నాడు.

ఒక్కొక్క గడే నడిపాను. గెలిచాను. మళ్లీ గెలిచాను. దూకు అవసరమే రాలేదు. నడుమ విరామంలో నాయన కొనిచ్చిన అరటిపండు తింటూ ఇంకో అనుమానం అడిగాను.

"నాయనా, వాళ్ల రాజు ఒకే ఎత్తులో ఏనుగు చాటుకు పోతాండాడు. అదేంది?"

నాయన కాసేపు ఆలోచించి, తేలిగ్గా నవ్వాడు. "అది వాళ్ల దూకు పాపా. ఊరికొక తీరు. వాళ్లోడు ఏనుగు చాటుకు దూకుతాడు, మనోడు గుర్రం మాదిరి దూకుతాడు. అంతే."

నాకు చాలా సరిగ్గా అనిపించింది. లెక్కలు చెప్పి బతికిన నాకు ఇప్పటికీ అందులో తర్కం కనిపిస్తుంది. మా కళ్యాణదుర్గంవాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు అది.

చివరి ఆట ఒక ఆఫీసరు కూతురితో. రెండు జడలు, చేతికి గడియారం. నెమ్మదైన పిల్ల. తెల్లకాయలు నావి. ఆట సగానికి వచ్చేసరికి మూలగా నడిచే ఆమె శకటు ఒకటి నాకు ఊరికే దొరికింది. రాజును భద్రంగా లోపల పెట్టుకుందామని, రాజు కుడిపక్క ఉన్న రెండో బంటును ముందే ఒక గడి నడిపి ఖాళీ చేసి ఉంచిన చోటికి, నా రాజును దూకించాను.

ఆ పిల్ల చెయ్యెత్తింది. పోటీ నడిపించే సారు వచ్చాడు.

"ఇదేం ఎత్తమ్మా?"

"దూకు సార్."

"ఏం దూకు?"

నేను వెనక్కి తిరిగి చూశాను. వెనుక బెంచీ మీద కూర్చున్న నాయన లేచి వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడి, "సార్, రాజుకు ఒక దూకు ఉండాది. షా పడకముందు. మా పక్క అందరూ ఇట్లే ఆడతారు" అన్నాడు.

"ఏ ఊరండీ మీది?"

"కళ్యాణదుర్గం సార్."

"అక్కడ రాజులకు నాలుగు కాళ్లుంటాయా?"

హాలంతా నవ్వింది. పిల్లలు నవ్వారు, పిల్లల తల్లిదండ్రులు నవ్వారు. సారు చెడ్డవాడేం కాదు, ఆయనా నవ్వుతూనే "ముట్టుకున్నావు కాబట్టి రాజునే కదపాలమ్మా. సరైన గడిలో పెట్టి ఆడుకో" అని చెప్పి రాజును వెనక్కి పెట్టాడు. నా ఎదురుగా ఉన్న ఆ పిల్ల ఒక్కతే నవ్వలేదు. పలక వైపు చూస్తూ కూర్చుంది. నేను రాజు మీద వేలు పెట్టాను. అప్పుడు నా భుజం మీద నాయన చెయ్యి పడింది.

"లే పాపా, పోదాం."

లేచాను. లేవకూడదని నాకు తోచలేదు. నాయన మాట కాదనడం మా ఇంట్లో ఎవరికీ తెలియని విద్య. బస్టాండులో ఒక మిక్చరు పొట్లం కొని నా చేతిలో పెట్టాడు, తను ఒక్క పలుకు నోట్లో వేసుకోలేదు. బస్సు కిటికీలోంచి ఎర్రమన్ను ఇద్దరి ముఖాల మీదా పడుతోంది. ఊరు దగ్గర పడుతుండగా ఒకే ఒక్క మాట అన్నాడు. "తప్పు నేర్పించినా పాపా నీకు."

ఆ తర్వాత నాయన నాతో చదరంగం ఆడలేదు. అడుగుదామని నోటిదాకా వచ్చి ఆగిపోయేది. నేను బడి నుంచి వచ్చేసరికి దస్తగిరి మామ లేచి వెళ్లిపోతుండేవాడు, గుడ్డ మడిచి అరలో ఉండేది. ఆట మానేశారనుకున్నాను. పై చదువుకు అనంతపురం హాస్టలుకు పోయాను, ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. నాయన నన్ను చూడటానికి వచ్చినప్పుడల్లా వానల గురించి, బట్టల ధరల గురించి మాట్లాడేవాడు. మా మధ్య ఆ హాలు అలాగే ఉండిపోయింది. తప్పు నేర్పి కూతురి అవకాశం పాడుచేశానని ఆయన కుమిలిపోతున్నాడని నాకు అర్థమయ్యేది. ఆ కుమిలిపోవడాన్ని ఎలా తీసేయాలో మాత్రం తెలిసేది కాదు. రాష్ట్ర పోటీలకు పోలేదని నాకు బాధ లేదు. నాయన నవ్వు పోయిందని బాధ.

అంగడి ఖాళీ చేసి వచ్చిన వారంలోనే, ఆ గుడ్డను ఒళ్లో పెట్టుకుని, ఆ ఆటను ఇంజనుకు ఇచ్చాను. ఆట రాసుకునే అలవాటు మాకెవరికీ లేదు. కానీ నిన్న ఏం కూర వండానో మరిచిపోయే నాకు ఆ ఆటలో ఒక్క ఎత్తు కూడా చెరిగిపోలేదు. నా బంట్లు ఒక్కొక్క గడే నడిచాయి. ఇంజను ఒకటి రెండు చోట్ల పసుపు గుర్తు పెట్టింది, ఎరుపు ఎక్కడా పెట్టలేదు. శకటు దొరికిన చోట పట్టీ తెల్లగా పైకి లేచింది. ఆ తర్వాత నా రాజును వేలితో పట్టి దూకించాను. రాజు జారుకుంటూ వెనక్కి వచ్చి తన గడిలోనే నిలబడ్డాడు. ఫోను నవ్వలేదు, ఏ ఊరని అడగలేదు. ఊరికే ఒప్పుకోలేదు. అయినా నా చెంపలు వేడెక్కాయి.

ఇక రాజునే కదపాలి గదా, ఎక్కడికి కదపాలో చెప్పమని ఇంజనును అడిగాను. ఒక్క గడి కుడిపక్కకు, అంది. ఆ పిల్ల తరఫున అన్నిటికన్నా మంచి ఎత్తు వేయించాను. ఇప్పుడు రాజు అక్కడి నుంచి మూలగా ఒక్క గడి పైకి, అంది. చూస్తే అది నేను దూకాలనుకున్న గడే. దూకితే ఒక ఎత్తు, నడిస్తే రెండు, తేడా అంతే. పట్టీ ఎక్కడా తగ్గలేదు. ఆ ఆట నాది. ఆ పిల్ల ఎందుకు నవ్వలేదో అప్పుడు తెలిసింది. తాను ఓడిపోతున్నానని ఆ హాలు మొత్తంలో ఆమె ఒక్కదానికే తెలుసు. నేను ఏడ్చాను. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను. నాయన తప్పు నేర్పలేదు. నాయన నేర్పిన నిదానపు ఆటే గెలుస్తోంది. ఈ మాట చెప్పడానికి నాయన లేడు. ఆ ఫోను ఆయన బతికుండగా కూడా నా చేతిలోనే ఉంది, నాకే ఆ ఆలోచన రాలేదు.

నాయనకు చెప్పలేని మాట దస్తగిరి మామకైనా చెప్పాలని కళ్యాణదుర్గం బస్సెక్కాను. దారి ఇప్పుడు వేరుగా ఉంటుంది. గుట్టల మీద గాలిమరలు, మధ్యమధ్య వలలు కప్పిన దానిమ్మ తోటలు, చుక్కచుక్కగా నీళ్లు వదిలే నల్ల పైపులు. ఒకప్పుడు ఆ గాలి మా ముఖాల మీద మన్ను కొట్టడానికి తప్ప దేనికీ పనికివచ్చేది కాదు, ఇప్పుడు కరెంటు తీస్తున్నారు. తోటల మధ్య మాత్రం బీడు అలాగే ఉంది. ఆ ఎర్రటి ఖాళీ నేల చూస్తే నాకు తెల్లగుడ్డ చించిన చప్పుడు గుర్తుకొస్తుంది.

దస్తగిరి మామ కొడుకు ఇప్పుడు స్పాంజి పరుపులు అమ్ముతున్నాడు. మామ ఆ దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చూపు సగం పోయింది. కాయలతో సహా గుడ్డను ఆయన ఒళ్లో పెట్టాను. కుట్ల మీద వేళ్లు నడిపి, "నా కుట్టే ఇది" అన్నాడు. ఫోను చూపించి, ఇంజను అంటే ఏమిటో చెప్పి, ఆ రోజు నేను ఓడిపోలేదని, రాజు నడిచి అదే గడికి పోయేవాడని చెప్పాను.

"నాయన ఉన్నప్పుడే ఇది చూసింటే ఆ బాధ తీరిపోయేది మామా. తప్పు నేర్పినాననే పోయినాడు."

మామ గుడ్డ అంచును వేళ్లతో సరిచేశాడు.

"మీ నాయనకు తెల్సు పాపా."

"ఏం తెల్సు?"

"ఒక పక్క జరిగి, మల్ల మూలకు ఎక్కితే అదే గడి. నువ్వు బడికి పోతూనే ఈ గుడ్డ పరిచి, ఆ పొద్దు ఆ హాల్లో చూసినట్టే కాయలు పేర్చేటోడు. నన్ను ఆ పిల్ల పక్క కూసోబెట్టి, తను నీ పక్క కూసుంటాండె. నేను యాడి నుంచి వచ్చినా, ఎట్ల కొట్టినా, నీ పక్కే గెలుస్తాండె. ఒక్కసారన్నా గెలుద్దామని కిందామీదా పడినా. కాలా. నువ్వొచ్చే యాళకు నన్ను లేపి పంపేటోడు."

"మరి నాకెందుకు చెప్పలేదు? తప్పు నేర్పలేదని తెలిసింది కదా, సంతోషమే కదా?"

"యాడ సంతోషం? తప్పు నేర్పినాననేది చిన్న బాధ పాపా. అది పోయి దీనికంటే పెద్దది వచ్చి కూసుండె. 'దస్తగిరీ, పాప గెలిచేది రా. నలుగురు నవ్వినారని నేనే భుజం మీద చెయ్యేసి లేపుకొచ్చినా. గెలిచేదాన్ని లేపినానని యా నోటితో చెప్పేది?' అనె. ఆ పొద్దు నుంచి దూకు గూడా మానుకున్యాడు. నేను దూకితే దూకనిస్తాడు. తను దూకడు. ఆట కట్టేట్టుండాది శెట్టీ, దూకప్పా అంటే, 'నడిచే పోతాలేరా' అనేటోడు. ఎన్ని ఆటలు ఓడిపోయినాడో అట్ల."

నేను శుభవార్త అనుకుని మోసుకొచ్చింది నాయన బతుకంతా మోసిన బరువే. ఇంజను ఒక్క క్షణంలో చెప్పిన మాటను ఆయన ఎర్రమన్ను గాలిలో, కొనేవాడు లేని అంగట్లో, మధ్యాహ్నాల తరబడి ఒక్కొక్క ఎత్తూ వేసి కనుక్కున్నాడు. తనను తాను దోషిగా తేల్చుకోవడానికి అంత కష్టపడ్డ మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఇంజను ఏ ఎత్తు తప్పో చెబుతుంది. భుజం మీద పడిన చేతికి గుర్తు పెట్టడం దానికి రాదు. అడిగితే నేను కూడా ఎర్ర గుర్తు పెట్టనివ్వను. నవ్వే జనం మధ్య నుంచి కూతురిని లేపుకొచ్చిన తండ్రి చెయ్యి అది.

నేను ఇలా ఆలోచిస్తుండగా మామ స్టూలు దగ్గరకు లాగి, దాని మీద గుడ్డ పరిచి, కాయలు పేర్చాడు. ఏ కాయ ఎక్కడో నేను చెప్పలేదు. వేళ్లతో తడుముకుంటూ, నా బంట్లు, నా రాజు, ఆ పిల్ల ఏనుగుల్లో ఒకదాని చోట దారపు రీలు, అన్నీ ఆ హాల్లో ఎక్కడున్నాయో అక్కడే పెట్టాడు. పెట్టి, ఆ పిల్ల పక్కకు తన కుర్చీ జరుపుకున్నాడు. నా పక్క ఖాళీగా ఉంది. అది నాయన కూర్చున్న చోటు. నేను చూడలేకపోయాను. బస్సుకు వేళవుతుందని ఏదో గొణిగి, చెంగుతో ముఖం తుడుచుకుంటూ లేచి నిలబడ్డాను.

మామ సరిగా కనిపించకపోయినా చెయ్యి చాచి, నా మణికట్టు పట్టుకున్నాడు.

"లేయొద్దు పాపా. కూసో. మీ నాయన ఆ పొద్దు అనాల్సిన మాట ఇది."

కూర్చున్నాను. రాజును పట్టుకుని, ఒక గడి పక్కకు జరిపాను.